మారిషస్, ఫిజీ దేశాల జీవన స్థితిగతులను పోల్చి చూడటం ఎలా?

రెండు చిన్న దేశాలను పోల్చదలచినవారు ముందుగా పోలికకు తగిన జంటను ఎంచుకోవాలి. మారిషస్, ఫిజీ అటువంటి జంట. రెండూ బ్రిటిష్ పాలనలో చెరకు సాగు కోసం భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకున్న ద్వీప దేశాలే. మొదటిది 1968లో, రెండవది 1970లో స్వతంత్రమయ్యాయి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవారి సంతతి ఉన్నందువల్ల మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవుదినం. ఫిజీలోనూ తెలుగు కుటుంబాల వారసులు ఉన్నారు.

మొదట ఆదాయం చూడాలి. మారకపు రేటుతో లెక్కించిన డాలర్లను పక్కనబెట్టి, స్థానిక ధరలను లెక్కలోకి తీసుకునే కొనుగోలు శక్తి ప్రాతిపదికన తలసరి ఆదాయాన్ని తీసుకోవాలి. అలా చూసినా మారిషస్ అంకె ఫిజీకి దాదాపు రెట్టింపు ఉంటుంది. అయితే ఏ సంవత్సరపు అంకె అన్నది ముఖ్యం. ప్రపంచ బ్యాంకు 2020 జూలైలో మారిషస్‌ను అధికాదాయ దేశంగా ప్రకటించి, కోవిడ్ వల్ల పర్యాటకం స్తంభించడంతో మరుసటి ఏడాదే ఆ హోదాను తొలగించింది. కనుక 2020ని, ఆ తరువాతి ఏడాదిని ఆధారంగా తీసుకోకపోవడమే మేలు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి సున్నా నుంచి ఒకటి వరకు కొలిచే మానవాభివృద్ధి సూచికలో 2022కి మారిషస్ 0.796, ఫిజీ 0.729 సాధించాయి, తొలి అంచనాకు ఇది చాలు, అంతకు మించి ఆ సూచిక మీద భారం వేయకూడదు.

పేదరికం శాతాలను మాత్రం పక్కపక్కన పెట్టి చూడరాదు. మారిషస్ తన పేదరిక రేఖను మధ్యస్థ కుటుంబాదాయంలో సగం దగ్గర గీస్తుంది. ఫిజీ కనీస ఆహారానికీ ఇతర అవసరాలకూ అయ్యే ఖర్చును బట్టి గీస్తుంది. కొలబద్దలే వేరు కాబట్టి ఆ రెండు శాతాల మధ్య తేడాకు అర్థం లేదు. ప్రపంచ బ్యాంకు ఇచ్చే ఉమ్మడి రేఖను వాడటమే దీనికి మార్గం.

ఆరోగ్యం విషయంలో చిన్న సంఖ్యలతోనే చిక్కు. మారిషస్‌లో ఏటా పుట్టే పిల్లలు సుమారు 12 వేలు. ప్రసవ సమయంలో ఒక్క తల్లి ఎక్కువగా మరణించినా, లక్ష జననాలకు లెక్కించే మాతృ మరణాల రేటు ఎనిమిది పైగా పెరుగుతుంది. అందుచేత ఒక్క ఏడాది రేటు చూసి వైద్యం క్షీణించిందని తీర్మానించకుండా, కనీసం ఐదేళ్ళ సగటు తీసుకోవాలి.

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది భూమి మీద, ఎందుకంటే తలసరి అంకెలలో అది కనిపించదు. మారిషస్‌లో 19వ శతాబ్దం చివర పెద్ద తోటల యజమానులు భూములను ముక్కలు చేసి అమ్మినప్పుడు, భారత సంతతి కూలీలలో కూడబెట్టుకున్నవారు వాటిని కొనుక్కోగలిగారు. ఫిజీలో సుమారు 87 శాతం భూమి స్థానిక ఫిజీయుల వంశ సమూహాల చేతిలో ఉంది. దానిని కౌలుకు ఇవ్వవచ్చును గాని అమ్మకూడదు. సాధారణంగా 30 ఏళ్ళకు రాసిన ఆ కౌలు పత్రాల గడువు 1997 నుంచి తీరుతూ వచ్చింది. అనేక భారత సంతతి కుటుంబాలు చెరకు పొలాలను విడిచి, సువా వంటి పట్టణాల శివారు బస్తీలకు చేరాయి. కౌలు నేల మీద కట్టుకున్న ఇంటిని సర్వే 'సొంత ఇల్లు' అని నమోదు చేసినా, దానికి మారిషస్‌లోని సొంత ఇంటికున్న భద్రత ఉండదు. కాబట్టి గృహ వసతి పట్టికలు చదివేటప్పుడు ఇల్లు ఎవరిది అన్న గడితో పాటు నేల ఎవరిది అన్న గడి ఉందో లేదో చూడాలి.

దేశపు సగటు వెనుక దాగిన దూరాలనూ గమనించాలి. ప్రధాన ద్వీపానికి దూరంగా ఉన్న రోడ్రిగ్స్ దీవి మారిషస్‌కు ఎలాగో, లావ్ (Lau) అనే దీవుల సమూహం ఫిజీకి అలాగ. ఆసుపత్రికి, పై చదువుకు అక్కడివారు పడవ మీదనో విమానం మీదనో ఆధారపడతారు. తుపానుల ముప్పు రెండు దేశాలకూ ఉన్నదే. 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ తుపాను ఫిజీలో 44 మందిని బలిగొంది.

చివరగా జనం ఎటు కదులుతున్నారో పరిశీలించాలి. 1987 సైనిక తిరుగుబాట్ల నాటి నుంచి ఫిజీవాసులు, ముఖ్యంగా భారత సంతతివారు, పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు తరలిపోతున్నారు. మారిషస్ తన కర్మాగారాలకు బంగ్లాదేశ్, భారతదేశాల నుంచి కార్మికులను తెచ్చుకుంటోంది. వలస వెళ్ళినవారు ఇంటికి పంపే డబ్బు స్థూల దేశీయోత్పత్తిలో చేరదు. అందుకే ఫిజీ కుటుంబాల ఖర్చును గృహ వ్యయ సర్వేలలో విడిగా చూడవలసి ఉంటుంది.