చలికాలం రాకముందే: పక్షవాతం గుర్తులు, గడియారం లెక్క

చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, దాంతో పక్షవాతం ముప్పూ పెరుగుతుంది. ఎండాకాలంలో సరిపోయిన మాత్ర చలిలో చాలకపోవచ్చు. నవంబరులోనే ఒక వారం పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. అసలు చిక్కు జబ్బును గుర్తుపట్టడంలో ఉంది.

అనుమానం వచ్చిన మనిషిని పళ్లు కనిపించేలా నవ్వమనండి. పక్షవాతంలో ఒక పక్క పెదవి కొస కదలదు. తర్వాత అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ముందుకు చాపి, కళ్లు మూసుకుని పదిదాకా లెక్కపెట్టమనండి. బలం తగ్గిన చేయి ఒక్కసారిగా పడిపోదు. అరచేయి మెల్లగా లోపలికి తిరుగుతూ కిందికి జారుతుంది. 'చేయి లేస్తోంది కదా' అని ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే. ఆపైన "రేపు పొద్దున్నే రైలెక్కాలి" అనిపించండి. మాట ముద్దగా వచ్చినా, ఒకటి అనబోయి ఇంకోటి అన్నా లెక్కే. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నట్టుండి మొదలైనా 108కి ఫోన్ చేయాలి.

మెదడు వెనక భాగం దెబ్బతింటే మూతి, చేయి బాగానే ఉండొచ్చు. హఠాత్తుగా కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, గోడ పట్టుకోనిదే నిలబడలేకపోవడం ఉంటాయి. వీటినే గ్యాస్ అనీ, పైత్యమనీ నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు.

మూతి వంకరపోయిన ప్రతిదీ పక్షవాతం కాదు. కనుబొమలు ఎత్తమంటే ఆ పక్క నుదుటి మీద ముడత పడక, కన్ను కూడా మూతపడకపోతే చాలావరకు అది ముఖనరం వాపు, అంటే బెల్స్ పాల్సీ. దీనికి స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. మందు లేకపోయినా పదిమందిలో ఏడుగురికి ఇది దానంతటదే తగ్గుతుంది. పసరు మందుకు పేరొచ్చింది ఇందుకేననిపిస్తుంది. ఆ నమ్మకంతోనే నిజమైన పక్షవాతాన్నీ పసరుకు తీసుకెళ్తారు. కాబట్టి నుదురు చూసి ఇంట్లోనే తేల్చేయకండి. చేయి, మాట, నడకలో ఏది తేడాగా ఉన్నా ఆసుపత్రికే.

పావుగంటలో గుర్తులన్నీ పోయినా అదే రోజు చూపించాలి. అది మెదడు రక్తనాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డుపడి కరిగిపోవడం కావచ్చు. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా గడువు 4.5 గంటలు. లెక్క గుర్తులు మీ కంటపడిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి. రాత్రి 10కి బాగానే పడుకుని 5కి చేయి కదపలేక లేస్తే లెక్క 10 నుంచే. అయినా వెళ్లాలి. పెద్ద నాళం మూసుకుపోతే తీగతో గడ్డను లాగే వైద్యం కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది.

నోట్లో ఏమీ వేయొద్దు, నీళ్లు కూడా. మింగే కండరాలు సరిగా పనిచేయక పొలమారితే న్యుమోనియా రావచ్చు. ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు. మెదడులో నాళం మూసుకుపోయిందో, చిట్లిందో సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు; చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం పెరగొచ్చు. బీపీ 180 చూపించిందని అదనపు మాత్ర వేస్తే ఇంకా ప్రాణమున్న మెదడు భాగానికీ రక్తం తగ్గిపోతుంది. గ్లూకోమీటర్ ఉంటే ఒక చుక్క చూడండి. షుగర్ 70 కంటే దిగినా ఇవే గుర్తులు కనిపించొచ్చు. ఆ సంగతి అంబులెన్స్ వాళ్లకు చెప్పండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

సీటీ లేని చోటికి తీసుకెళ్తే గంట పోయినట్టే. రాత్రి కూడా సీటీ తీసే ఆసుపత్రి మీ ఊరికి దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. వాడుతున్న మాత్రల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతున్నారా అని వైద్యులు తప్పక అడుగుతారు.