తప్పు గాలిదా, తీగదా? (ల్యాప్‌టాప్ వైఫై సొంతంగా బాగుచేసుకుందాం – 3వ పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేసే ఉంటారు. రూటర్ పక్కన ఒకసారి, మీరు రోజూ కూర్చునే చోట ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టి అంకెలు రాసుకోమన్నాను. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లని, మెగాబైట్లు కావాలంటే 8తో భాగించాలని అప్పుడే అనుకున్నాం కాబట్టి మళ్లీ దాని జోలికి పోను.

ఇవాళ్టి పని ఒక్కటే, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా డేటా గాలిలో వెళ్తుంది. రూటర్ నుంచి బయటికి తీగలో వెళ్తుంది. వైఫై అంటే ఆ మొదటి ముక్కే. మనం మాత్రం రెండింటినీ కలిపేసి "వైఫై రావట్లేదు" అంటాం. ఏ ముక్కలో తేడా ఉందో తెలియకుండా రూటర్‌ని పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఉపయోగం తక్కువ.

నేనూ అలా కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేసి గట్టిగా అరిచినవాణ్ణే. చివరికి ఒక కుర్రాడు వచ్చాడు. కేబుల్‌ని తన ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 97 చూపించింది. "లైన్ బానే ఉంది సార్, ముందు ఆ బీరువా సంగతి చూడండి" అన్నాడు. రూటర్ హాల్లో కనిపిస్తే బాగోదని ఇనప బీరువాకీ గోడకీ మధ్య ఇరికించింది నేనే. ఆ రోజు అతను వచ్చేదాకా ఆగక్కర్లేకుండా నేనే కనుక్కోగలిగిన పరీక్ష ఇది.

స్టార్ట్ మెనూలో సి, ఎం, డి అని మూడక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చే వరసల్లో వైఫై పేరున్న భాగంలో "డిఫాల్ట్ గేట్‌వే" దగ్గర 192.168.1.1 లాంటి నెంబరు ఉంటుంది. అదే మీ రూటర్ అడ్రస్. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ, ఆ నెంబరు, ఇంకో ఖాళీ, చివర హైఫన్, టి. ఎంటర్ కొట్టగానే సెకనుకో వరస చొప్పున వస్తూనే ఉంటుంది. ఆపాలంటే కంట్రోల్, సి కలిపి నొక్కాలి. ఇప్పుడే ఆపకండి. ఇంకో నల్ల విండో తెరిచి ఇదే పని 8.8.8.8 అనే నెంబరుతో చేయండి. అది గూగుల్ సర్వర్, అంటే మీ ఇంటి బయటిది. రెండు విండోలూ పక్కపక్కన పెట్టుకుని ప్రతి వరసలో "టైమ్" దగ్గరున్న అంకె చూడండి. ల్యాప్‌టాప్ నుంచి ఒక చిన్న పలకరింపు వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టిన సమయం అది, దాన్నే పింగ్ అంటారు.

రూటర్ వరసలు 2, 3, 2, 5 మిల్లీసెకన్లు అంటూ నిలకడగా ఉంటే గాలి బాగున్నట్టే. 3, 4, 280, 6, మధ్యలో ఒక "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" (అంటే జవాబే రాలేదని), మళ్లీ 190, ఇలా కుప్పిగంతులు వేస్తుంటే తప్పు ఇంట్లోనే ఉంది. కంపెనీని తిట్టి లాభం లేదు. రూటర్ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రమే గంతులేస్తుంటే అప్పుడు ఫోన్ చేయండి. అయితే ఫోన్ చేసే ముందు ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా ఫోటోలు బ్యాకప్ అవుతున్నాయేమో అడగండి. అప్‌లోడ్ నిండిపోతే లైన్ బాగున్నా పింగ్ పెరిగిపోతుంది. రెండూ గంతులేస్తుంటే ముందు గాలిని సరిచేయాలి, ఎందుకంటే రెండోది కూడా ఆ గాలి మీదుగానే పోవాలి. ఎప్పుడో ఒక్క వరస ఎక్కువ చూపిస్తే మాత్రం టెన్షన్ పడొద్దు.

తప్పు గాలిదే అని తేలిందనుకోండి. ఇంకో కమాండ్ ఉంది. మొదటి మాట ఎన్, ఇ, టి, ఎస్, హెచ్. రెండోది డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్. తర్వాత షో, ఇంటర్‌ఫేసెస్ అన్న ఇంగ్లీషు మాటలు. ప్రతి మాటకీ మధ్య ఖాళీ ఉండాలి. కొత్త విండోస్ 11లో లొకేషన్ ఆన్ చేయమని అడిగితే చేయండి. వచ్చిన జాబితాలో మనకు మూడు వరసలు చాలు: ఛానెల్, రిసీవ్ రేట్ (రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి గాలిలో డేటా వచ్చే వేగం, ఎంబీపీఎస్‌లో), సిగ్నల్.

ఛానెల్ 1 నుంచి 13 లోపు ఉంటే మీరు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే ఆ రేడియో తరంగాల పట్టీలో ఉన్నట్టు. 36, ఆ పైన ఉంటే 5 గిగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్లలో అసలు గొడవ ఎక్కువగా ఇక్కడే. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. పైనా కిందా పక్కనా ఉన్న ఇళ్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెనూ పనిచేసేది ఆ బ్యాండ్‌లోనే. ల్యాప్‌టాప్‌కి పెట్టిన యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ కూడా దానికి అడ్డం పడగలదు. సినిమా కాపీ అవుతున్నప్పుడే నెట్ పోతుంటే అనుమానించాల్సింది దాన్నే.

సిగ్నల్ 99 శాతం ఉండి రిసీవ్ రేట్ 72 దగ్గరే ఆగిపోతే ఆశ్చర్యపోకండి. పాత పద్ధతి 2.4లో ఒకే యాంటెన్నా దారికి గరిష్ఠం దాదాపు అంతే. అందులోనూ చేతికొచ్చేది సగం, ఆపైన కొంచెం. దానితో 100 ప్లాన్ ఎలా అందుతుంది? రూటర్‌లో రెండు పేర్లుంటే చివర "5జి" అని ఉన్నదానికి మారండి. దానికీ మొబైల్ 5జికీ ఏ సంబంధమూ లేదు, అది 5 గిగాహెర్ట్జ్ అని చెప్పడానికి పెట్టిన పేరు. దానితో చిక్కల్లా గోడలతోనే. రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది. సిగ్నల్ 50 లోపు ఉన్న గదిలో మళ్లీ 2.4 నయం కావచ్చు. అది తేల్చేది పింగే.

చార్జర్ తీసినప్పుడే నెట్ తెగిపోతుంటే ఈ గొడవంతా అక్కర్లేదు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు మీద రెండుసార్లు క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు పొదుపు కోసం కార్డుని ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు. వాటి సంగతి డ్రైవర్ల పాఠంలో చూద్దాం.

వచ్చే పాఠానికి హోంవర్క్: రాత్రి 9 గంటలకు, ఇల్లంతా నెట్ వాడుతున్నప్పుడు, రూటర్ పింగ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లోంచి పడగ్గదిలోకి మెల్లగా నడవండి. ఏ గుమ్మం దగ్గర అంకె ఎగిరిందో, ఆ గోడకి అవతల ఏముందో రాసి పెట్టుకోండి. మా ఇంట్లో బీరువా జరిపాక కూడా ఒక చోట ఎగురుతూనే ఉంది. అక్కడ ఫ్రిజ్ ఉంది.