ఏబీఎస్ లైట్ ఆరట్లేదా? సెన్సార్ కొనే ముందు బేరింగ్ సంగతి అడగండి

మీటర్‌లో పసుపుపచ్చ ఏబీఎస్ లైట్ వెలిగిందంటే షెడ్డుల్లో జరిగేది ఒకటే. బండి కంప్యూటర్‌లో పడిన తప్పు కోడ్ చదివే స్కానర్ తగిలిస్తారు. 'కుడి ముందు చక్రం స్పీడ్ సెన్సార్' అని వస్తుంది. కొత్త సెన్సార్ తెప్పించి బిగిస్తారు. బండి రోడ్డెక్కగానే లైట్ మళ్లీ వెలుగుతుంది. స్కానర్‌కు తెలిసింది ఆ చక్రం వేగం లెక్క అందట్లేదని మాత్రమే. తప్పు సెన్సార్‌దా, వైరుదా, ఇంకోదానిదా అన్నది మనమే చూసుకోవాలి.

పసుపు లైట్ ఒక్కటే ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది. కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, అంటే ఏబీఎస్, ఉండదు. కాబట్టి వానలో తిరుమల కొండ దిగేవాళ్లు గేరు తగ్గించి నిదానంగా రండి. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, అందులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఎర్ర బ్రేకు లైట్ కూడా కలిసి వెలిగితే హ్యాండ్ బ్రేకు దించారో లేదో చూడండి. దించినా ఆరకపోతే బండి కదిలించకుండా బ్రేకాయిల్ చూడండి.

లైట్ ఎప్పుడు వెలుగుతోంది?

ఇది ఎవరూ చూడరు. పానా పట్టే ముందు చూడాల్సింది ఇదే. స్కానర్‌తో కోడ్ చెరిపేసి కీ ఆన్ చేయండి. లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు ఆరకపోతే కరెంటు దారిలోనే తేడా ఉంది. ఆరిపోయి, బండి కదిలి 10, 20 కిలోమీటర్ల వేగం అందుకున్నాక మళ్లీ వెలిగితే వైరింగ్ జోలికి ఇప్పుడే పోవద్దు. కీ తిప్పగానే కంప్యూటర్ చూసేది వైర్లలో కరెంటు ఉందా లేదా అనే. నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి చూడటం బండి కదిలాకే. మూడు చక్రాలు తిరుగుతున్నాయని, నాలుగోది సున్నా అని కనబడితే లైట్ వేస్తుంది.

కీ తిప్పినప్పటి నుంచీ వెలుగుతూనే ఉంటే

నూటికి తొంభై వైరో, వైర్లు కలిపే కప్లరో. ముందు చక్రాలైతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వైరు వంగుతుంది కాబట్టి సస్పెన్షన్ పక్కన క్లిప్పు దగ్గర, పైన రబ్బరు బాగానే ఉన్నా లోపల రాగి తెగి ఉంటుంది. వేళ్లతో వంచి చూడండి, తెగిన చోట మెత్తగా తగులుతుంది. మామిడి తోటల్లో షెడ్డు కింద పెట్టే బండ్లకు ఎలుకల పని కూడా చూడాలి. కప్లర్ ఊడదీసి పచ్చగా చిలుము పట్టిందేమో చూసి తుడవండి.

మల్టీమీటర్ పెట్టే ముందు సెన్సార్ ఏ రకమో తెలుసుకోండి. పాత రకంలో అయస్కాంతం, దాని మీద రాగి చుట్ట ఉంటాయి. ఎదురుగా పళ్ల రింగు తిరుగుతుంటే ఒక్కో పన్ను దాటినప్పుడు చుట్టలో కరెంటు పుడుతుంది. దీన్ని ఓమ్‌లలో కొలవచ్చు, చాలా వాటికి సుమారు 800 నుంచి 2500 మధ్య వస్తుంది. కొత్త రకం లోపల చిప్పు ఉంటుంది. దానికి బండి నుంచే కరెంటు అందాలి. అది తన లెక్కను 7, 14 మిల్లీయాంపుల మధ్య మారే కరెంటుగా పంపుతుంది. దీనికి ఓమ్ మీటర్ పెట్టకండి, చిప్పు పోవచ్చు. కీ ఆన్‌లో ఉంచి కప్లర్‌లో బండి వైపు వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి చాలు.

కదిలాక వెలిగితే

నా జేబు కాల్చింది ఈ రకమే. కొండ ట్రిప్పులు తోలే ఒక టాక్సీ వచ్చింది. కుడి ముందు సెన్సార్ అని కోడ్. కొత్తది వేశాను. అలిపిరి చేరకముందే లైట్ వెలిగింది. వచ్చిన సరుకే చెడ్డదేమో అనుకుని ఇంకోటి తెప్పించాను. అదే కథ. వైరింగ్ అంతా విప్పాను, సగం రోజు పోయింది. చివరికి టీ తాగుతూ అడిగాను, "ఈ మధ్య ఆ చక్రానికి ఏమైనా పని చేయించావా అన్నా?" అని.

"పోయిన వారం బేరింగ్ మార్పించినాను సామీ. గుంయ్ అని మోత వస్తా ఉన్నింది."

ఆ ప్రశ్న మొదటే అడిగి ఉంటే రెండు సెన్సార్ల డబ్బు మిగిలేది.

ఇప్పటి చాలా బండ్లలో పళ్ల రింగు ఉండదు. దాని బదులు బేరింగ్‌కు ఒక వైపున్న సీలులోనే అయస్కాంతం ఉంటుంది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని 40 పైచిలుకు జతలు చుట్టూ అచ్చువేసినట్టు ఉంటాయి. కంటికి మాత్రం నల్ల రబ్బరు సీలే. రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ప్రెస్సు మీద బేరింగ్‌ను తిరగేసి ఎక్కించినా సాఫీగా దిగుతుంది, మోత రాదు, చక్రం బ్రహ్మాండంగా తిరుగుతుంది. అయస్కాంతం వైపు మాత్రం బయటికి పోయి ఉంటుంది, లోపలున్న సెన్సార్ ఉత్త రబ్బరును చూస్తుంటుంది.

ఇందులోనే ఇంకో మోసం ఉంది. 2019 ఏప్రిల్‌కు ముందు ఒకే మోడల్‌లో ఏబీఎస్ ఉన్న కార్లూ, లేని కార్లూ అమ్మేవాళ్లు. కొన్నింటికి రెండు రకాల బేరింగులూ ఒకే కొలత. షాపులో చేతికందింది ఇచ్చేస్తే అసలు అయస్కాంతమే లేనిది వచ్చి కూర్చుంటుంది.

పరీక్ష సులభం. కొత్త బేరింగ్ డబ్బా తెరవగానే సీలు మీద ఒక గుండుసూది ఆనించండి. అయస్కాంతం ఉన్న వైపు సూది సన్నగా అతుక్కుంటుంది, రెండో వైపు జారిపోతుంది. నమ్మకం కుదరకపోతే సీలు మీద తెల్ల కాగితం పరిచి, గ్రైండర్ దగ్గరి ఇనుప పొడి చిటికెడు చల్లి వేలితో తట్టండి. పొడి దువ్వెన పళ్లలా గీతలు కడుతుంది. ఎక్కడైనా గీతలు చెదిరి ఉంటే అక్కడ అయస్కాంతం దెబ్బతిన్నట్టే. పొడి సీలు మీద పడనివ్వకండి. స్పీకర్ అయస్కాంతాల పక్కన, అయస్కాంతం ట్రేలో బేరింగ్ పెట్టకండి. గీతలు కట్టే వైపే సెన్సార్ వైపు రావాలి.

ఆ టాక్సీ బేరింగ్ ఊడదీస్తే సూది బయటి వైపే అతుక్కుంది. ప్రెస్సుతో ఒకసారి బయటికి కొట్టిన బేరింగ్‌ను మళ్లీ ఎక్కించకూడదు, లోపలి గోళీల దారి నలిగిపోతుంది. కొత్తది వేసి, కోడ్ చెరిపి తోలితే లైట్ రాలేదు. ఆ బేరింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఆగబోయే ముందు పెడల్ తన్నితే

లైట్ ఉండదు. పొడి రోడ్డు మీద, ఇంకాసేపట్లో బండి ఆగుతుందనగా పెడల్ కాలి కింద గర్రుమంటుంది. ఒక చక్రం లెక్క మధ్యమధ్య తప్పుతోందని అర్థం. పళ్ల రింగు ఉన్న బండిలో రింగు చుట్టూ టార్చి వేసి చూడండి, కింద తుప్పు ఉబ్బి రింగు పగిలి ఉంటుంది. లేదంటే సెన్సార్ కొనకు ఇనుప రజను పట్టి ఉంటుంది, తుడవండి. సెన్సార్ కూర్చునే రంధ్రంలో తుప్పు ఉంటే ఎమరీ పేపర్ పట్టండి. ఒక మిల్లీమీటరు ఎత్తు లేచినా లెక్క తప్పుతుంది.

మిగతావి

ఒక చక్రానికి వేరే సైజు టైరు వేసి ఏబీఎస్ పోయిందని వచ్చేవాళ్లున్నారు, టైరు మార్చండి. ఏబీఎస్ కంప్యూటర్ మాడ్యూలే పోయిందని ఎవరైనా మొదటిరోజే చెబితే, ఆ నాలుగు చక్రాల వేగాలూ స్కానర్ తెరమీద చూపించి మాట్లాడమనండి.