వానలు పట్టుకోకముందే కారు ముందు సస్పెన్షన్ పని: చేయించేటప్పుడు జాగ్రత్తలు

మన తిరుపతి, చిత్తూరు సైడు అసలు వానలు జూన్‌లో కాదు కదా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లతో కుమ్మేస్తాయి, 2021 నవంబర్ ఎవరూ మర్చిపోయుండరు. స్టీరింగ్ లూజుగా ఉంది, తిన్నని రోడ్డులో కూడా ఇటూ అటూ సరిచేస్తా పోవాల్సొస్తోంది అనేవాళ్ళు ఈ పని దసరా లోపల ముగించేయండి. తడి రోడ్డులో మొగిలి ఘాట్ దిగేటప్పుడు లారీ ఎనకాల బ్రేక్ కొడితే బండి ఒక పక్కకి లాగిందనుకోండి, అప్పుడు మెకానిక్ గుర్తొచ్చి ఏం లాభం.

పార్టులు కొనేదానికి ముందు టైర్లలో గాలి చూడండి, గాలి తక్కువైనా స్టీరింగ్ బద్ధకంగానే ఉంటుంది. తర్వాత చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆట (లూజు) ఉంటే బాల్ జాయింటో (చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) వీల్ బేరింగో అయ్యుంటుంది, పక్కలు పట్టుకుని ఊపితే ఆట ఉంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరలు, అంటే టై రాడ్ ఎండ్ లేదా లోపల రాక్ ఎండ్. బ్రేక్ కొట్టినప్పుడు బండి దారి మారుతుంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌ల మీద, అంటే దాని కీలు దగ్గరుండే రబ్బర్ల మీద డౌట్ పడండి. గుంతల్లో టకటక మోతకి చాలాసార్లు లింక్ రాడ్డే (బండి ఒరగకుండా పట్టే బార్‌కి తగిలించే చిన్న కడ్డీ) కారణం, అది మారిస్తే మోత పోతుంది గానీ స్టీరింగ్‌లో పెద్ద తేడా ఏం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇంటి దగ్గర చేసుకునేవాళ్ళకి ఒకటే మాట, డిక్కీలో ఉండే జాకీ టైరు మార్చేదానికే, దాన్ని నమ్ముకుని బండి కిందకి దూరొద్దు. సమంగా ఉండే నేల, ఎనక చక్రాలకి అడ్డు, కింద జాక్ స్టాండ్లు, ఇవి లేకుంటే గమ్మున షెడ్డుకి పోండి. ఇటుకలు పేర్చడం అస్సలు వద్దు. స్ట్రట్ (షాకబ్జరు, స్ప్రింగ్ కలిసుండే ముక్క) పైన నడిమధ్య నట్టు కూడా ముట్టుకోవద్దు, లోపల స్ప్రింగ్ అణిగుంటుంది, స్ప్రింగ్‌ని అదిమిపట్టే కంప్రెసర్ వేయకుండా విప్పితే ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు మన షెడ్లలో జాస్తిగా వదిలేసే పని చెప్తా. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు మధ్యన ఇనుప గొట్టం ఉంటుంది, బోల్టు బిగించినాక ఆ గొట్టం కదలదు, ఆర్మ్ పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ రబ్బరే మెలి తిరగాలి. చక్రం గాల్లో వేలాడతా ఉండగానే ఫుల్‌గా బిగించేస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోయి అట్లే ఉండిపోతుంది, దాంతో కొత్త బుష్ కూడా తొందరగా చీలిపోతుంది. అందుకే మొదట సగం బిగించి, చక్రం వేసి, బండి బరువు నేల మీద పడినాక రెండు మూడుసార్లు బానెట్ దగ్గర అదిమి వదిలి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) ఫైనల్‌గా బిగించాలి. ర్యాంపో గుంతో లేకుంటే కింద చెయ్యి పట్టదు కాబట్టి చాలామంది చెయ్యరు, పక్కనే నిలబడి "అన్నా, దించినాక టైట్ చెయ్యన్నా" అని అడగండి, విసుక్కున్నా పర్లేదు.

నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్‌లు, నైలాన్ ఉండే లాక్ నట్లు పాతవి మళ్ళీ వాడనియ్యొద్దు, వాటికయ్యే ఖర్చు ఎంతని. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్ని చుట్లే ఎక్కిస్తే అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేసే) షాపు దాకా బండి తిన్నగా పోతుంది, అంతే, అలైన్‌మెంట్ మాత్రం తప్పదు. షాకబ్జర్లు మారిస్తే రెండు పక్కలా మార్చాలి.

రబ్బరు కన్నా గట్టిగుండే పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే స్టీరింగ్ గట్టిగా, షార్ప్‌గా ఉంటుందని కుర్రోళ్ళు వేయిస్తుంటారు, నిజమే, కానీ రోడ్డు అదురంతా క్యాబిన్‌లోకొస్తుంది, కొన్ని కిర్రుమంటాయి కూడా. ఇంట్లో పెద్దోళ్ళని ఎక్కించుకుని తిరిగే బండికి కంపెనీ రబ్బరు బుష్‌లే మేలని నా ఉద్దేశం.

పని అయినాక నేరుగా కొండకి పోవద్దు. మొదట స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేక్ హోస్, సెన్సార్ వైరు లాగట్లేదు కదా చూసుకుని, ఖాళీ రోడ్డులో నిదానంగా తిప్పి బ్రేక్ కొట్టి చూడండి. తిరుమల నుంచి దిగే ఘాట్‌కి 40 నిమిషాల కన్నా ముందు రాకూడదని రూలే ఉంది, అంతసేపూ మలుపు మీద మలుపే, లూజు నట్టు ఏదన్నా ఉంటే అక్కడ బయటపడకూడదు. కొన్ని రోజులు ఊళ్ళో తిరిగినాక షెడ్డుకి తీసుకుపోయి విప్పిన బోల్టులన్నీ ఇంకోసారి చెక్ చేయించి, అప్పుడు అలిపిరి దాటండి.