రూఫ్ పాతదని పాలసీ ఆపేస్తామంటే

ఫ్లోరిడాలో సొంతిల్లున్న మనవాళ్లకు ఒక మాట. "మీ రూఫ్ పాతబడింది, పాలసీ రెన్యూ చేయం" అని హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ రాగానే టెన్షన్ పడి వేల డాలర్లు పోసి కొత్త రూఫ్ వేయించకండి. 2022లో అక్కడ చట్టం మారింది. రూఫ్ వయసు 15 ఏళ్లలోపు ఉంటే, వయసు ఒక్కటే చూపించి రెన్యువల్ ఆపకూడదు. 15 దాటినా, లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్ చూసి ఇంకా కనీసం 5 ఏళ్లు మన్నుతుందని రాసిస్తే చాలు, వయసు పేరుతో కాదనలేరు.

అసలు ముందు చూడాల్సింది పర్మిట్, అంటే రూఫ్ పనికి ఇచ్చిన అనుమతి పత్రం. మా ఇల్లు 2003లో కట్టింది. కంపెనీవాళ్లు రూఫ్ కూడా అప్పటిదే అనుకున్నారు. కౌంటీ వెబ్‌సైట్‌లో మా అడ్రస్ కొట్టి వెతికితే, పాత ఓనర్ 2015లో రూఫ్ మొత్తం మార్పించిన పర్మిట్ దొరికింది. ఆ ఒక్క కాగితంతో పాలసీ నిలబడింది. గుర్తుంచుకోండి, వయసు లెక్క రూఫ్ మొత్తాన్ని మార్చిన తేదీ నుంచే. అక్కడక్కడా అతుకులు వేయిస్తే వయసు తగ్గదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు గాలికి లేచిన షింగిల్ (రూఫ్ మీద పరిచే పలకలు) అంచులు బిగించండి, గట్టర్లో ఆకులు తీయించండి. ఈ పనులన్నీ తుఫాన్ల సీజన్ మొదలయ్యే జూన్‌లోపే ముగించండి. తుఫాను దగ్గరకొచ్చాక కంపెనీలు కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేస్తాయి.