రైలు మ్యూజియానికి నాలుగు ముళ్ల పురికొస

ఢిల్లీ రైలు మ్యూజియం చూడాలనుకునేవాళ్లు సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు. మేం వెళ్లాం. గుంటూరు నుంచి మా ఇంట్లో ఐదుగురం, పక్కింటివాళ్లు నలుగురు, విజయవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్కి అంత దూరం పోయి, చాణక్యపురిలో మూసిన గేటు ముందు నిలబడ్డాం. తారీఖులు చూసింది మా ఆయన. ఆ రోజు సాయంత్రం దాకా మా అత్తయ్య కొడుకుతో మాట్లాడలేదు. మంగళవారం మళ్లీ పోయాం.

అక్కడి ఇంజన్ల కింద రెండు పట్టాల మధ్య ఎంత దూరముందో, అంటే గేజ్ ఎంతో, పిల్లలతో కొలిపించడానికి ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని ఒకటుంది. నేను బ్రాడీపేటలో బట్టలు కుడతాను, టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. కానీ ఇక్కడ టేపు చాలదు. అది 60 అంగుళాలే, మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య 66 అంగుళాలు. అందుకని ఒక పురికొస తీసుకుని చివర ముడి వేయండి. అక్కడి నుంచి 24 అంగుళాలకు ఒకటి, 30కి ఒకటి, సరిగ్గా మీటరుకు ఒకటి, 66కి ఒకటి, ఇలా ఒక్కో గేజ్‌కి ఒకటి చొప్పున నాలుగు ముళ్లు వేయండి. ఒక్కో ముడికి ఒక్కో రంగు గుడ్డపీలిక కడితే పిల్లలు తికమకపడరు.

ఈ ఉపాయం మా మామయ్యగారిది. మాచర్ల లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో ఆయన పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. పట్టా లోపలి అంచు నుంచి లోపలి అంచుకే కొలవాలని పిల్లలకు పదిసార్లు చెప్పారు. కదలని పాత ఇంజన్ల దగ్గర, అదీ అక్కడి సిబ్బందిని అడిగాకే. రైళ్లు తిరిగే పట్టాల మీద ఈ ఆట వద్దని గట్టిగా చెప్పండి.

లోపలికి వెళ్లగానే ముందు బొమ్మ రైలు ఎక్కించేయండి. లేదంటే ఏ ఇంజన్ చూపించినా వాళ్ల కళ్లు అటే. తర్వాత ఇద్దరిద్దరిని జత చేయండి, మనవాడొకడు, పక్కింటివాడొకడు. రెండో పట్టా ఏ ముడి దగ్గర ఆగుతుందో ముందే పందెం కాయాలి. డార్జిలింగ్ కొండ ఇంజన్ 24 దగ్గర ఆగింది. “ఇంత ఇరుకెందుకు తాతా?” అంటే, కొండ మీద దగ్గరి మలుపులు తిరగాలి కదరా అన్నారాయన.

1895లో అజ్మీర్‌లో తయారైన ఎఫ్-734 ఇంజన్ మీటర్ గేజ్‌ది. అక్కడ మామయ్యగారు కదలనే లేదు. గేజ్ మారే చోటల్లా ఒక వ్యాగన్లోంచి బస్తాలు దించి ఇంకో దాన్లోకి ఎక్కించేవాళ్లమని, మిరపకాయ బస్తాలైతే తుమ్ములే తుమ్ములని చెప్పుకుపోయారు. మీ బంధువుల్లో రైల్వేలో చేసినవాళ్లుంటే వదలకుండా వెంట తీసుకెళ్లండి. బోర్డులు చదవడం కంటే అది నయం. రాజులు ప్రయాణించిన దర్జా సెలూన్ పెట్టెలు పెద్దవాళ్లకు నచ్చుతాయి, పిల్లలకు పది నిమిషాలు చాలు.

పటియాలా మోనోరైలు మాత్రం చివరికి ఉంచుకోండి. మా చిన్నాడు పురికొస ఒక కొస పట్టా మీద పెట్టి రెండో పట్టా కోసం వెతికాడు, లేదు! “ఎవరో ఎత్తుకుపోయారు తాతా” అన్నాడు. బరువంతా దాదాపు ఆ ఒక్క పట్టా మీదే, పడిపోకుండా పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం ఒకటి. ఇన్నేళ్లు పట్టాల మీద బతికిన మామయ్యగారు కూడా వంగి దాని కిందికి చూశారు. చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇదెవడు కనిపెట్టాడే అమ్మాయ్!” అన్నారు.