కీమో నీరసానికి నేను చేసుకున్న ఏర్పాట్లు

రాత్రంతా నిద్రపోయి లేచినా జాకెట్టుకి హుక్కు కుట్టడానికి చెయ్యి లేవదు. క్యాన్సర్‌కి ఎక్కించే కీమో మందుతో వచ్చే నీరసం అలా ఉంటుంది. విజయనగరంలో మా ముందు గదిలోనే టైలరింగ్ చేసుకుంటాను కాబట్టి నాకు తెలిసిన కొలత అదే.

ముందు డాక్టరుకి చెప్పండి. రక్తం తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉంటుంది, వాటికి మందులున్నాయి. నేను క్యాలెండర్లో రోజూ నీరసానికి 0 నుంచి 10 దాకా ఒక మార్కు వేసేదాన్ని. 4 గానీ ఆపైన గానీ ఉంటే డాక్టరుతో మాట్లాడాల్సిందే.

అన్నిటికంటే నాకు పనిచేసింది నడక. "పడుకోమ్మా" అని మా అత్తయ్య మంచం దిగనిచ్చేది కాదు. పడుకున్నకొద్దీ ఒళ్లు మరింత బరువెక్కింది. డాక్టర్ని అడిగి, ఎండ తగ్గాక డాబా మీద 5 నిమిషాలతో మొదలుపెట్టాను. మెల్లగా వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున పెద్దచెరువు వైపు నడిచేదాకా వచ్చాను. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం. కీమో ఎక్కించుకున్నాక నాలుగు రోజులూ మళ్లీ డాబాయే. జ్వరం వస్తే నడక మాట మరిచిపోయి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

తేలికపాటి యోగా కూడా మంచిదే. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు మాత్రం అడగకుండా వంగొద్దు, నడుము తిప్పొద్దు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే గట్టి మర్దన వద్దు.

ఆక్యుప్రెషర్ కీమో అయిపోయాక నేర్చుకున్నాను. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు మడత మీద చిటికెనవేలు వైపున్న చిన్న గుంటలో బొటనవేలితో 3 నిమిషాలు నొక్కాలి. ఇలాంటి చోట్లు ఇంకొన్ని ఉన్నాయి, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసినవాళ్లు ఇలా రోజూ 6 వారాలు నొక్కుకుంటే నీరసం తగ్గిందని పరిశోధనలో తేలింది. నాకు మొదట నిద్ర కుదిరింది.

ఒక తప్పు కూడా చేశాను. చుట్టాలాయన ఇచ్చిన "శక్తి పొడి" పది రోజులు పాలల్లో తాగాను. అందులో ఏముందో డబ్బా మీద రాయనే లేదు. తర్వాతి రక్త పరీక్షలో లివర్ రీడింగులు పెరిగి, కీమో వారం వాయిదా పడింది. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు కూడా ఉన్నారు. ఏ పొడైనా డబ్బాతో సహా డాక్టరుకి చూపించండి. చోడి (రాగి) అంబలి నేను ఇష్టంగా తాగాను, కానీ దాన్ని మందు అనను.

ఓపికుండే గంట ఏదో కనిపెట్టుకోండి. నాకది పొద్దున్న పది. హుక్కులు అప్పుడే, ఒక జాకెట్టుకి మించకుండా. మధ్యాహ్నం అలారం పెట్టుకుని అరగంట కునుకు. ఇస్త్రీ పని మా ఆయనకి అప్పగించేశాను, మడతలు నాకు నచ్చవు గానీ.